ఆపరేషన్ బల్లమీద మన కాళ్ళు

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

ఆపరేషన్ అనగానే మనకు కత్తి, కుట్లు, మత్తుమందు, రక్తం సీసా గుర్తుకొస్తాయి. కడుపుకు ఆపరేషన్ జరుగుతుంటే రోగి బంధువులు కడుపు గురించే కంగారుపడతారు. ఆ సమయంలో రోగి కాళ్ళు ఏమవుతున్నాయని అడిగేవారు ఉండరు. అయితే ఎవరి చేయీ తగలని ఆ కాళ్ళలో, ముఖ్యంగా పిక్కల లోపలి సిరలలో, ఆ గంట రెండు గంటల్లోనే కొన్ని మార్పులు జరిగిపోతాయి. వాటి ఫలితం వెంటనే కనిపించదు. కుట్లు మానుతున్నాయి, గండం గడిచింది అని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునే సమయంలో, ఏ ఆరో రోజునో పదో రోజునో, మంచం దిగిన మనిషి ఆయాసపడి కుప్పకూలిపోవచ్చు. చూసినవాళ్ళు "గుండె ఆగింది" అంటారు. గుండె ఆగిన మాట నిజమే. కాని దానిని ఆపిన రక్తపు గడ్డ పుట్టింది కాలిలో. చాలాసార్లు అది పుట్టడం మొదలైంది ఆపరేషన్ బల్లమీదనే.

వైద్యశాస్త్రం దీనిని "డీప్ వీన్ థ్రాంబోసిస్" అంటుంది. అనగా లోతు సిరలలో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే "పల్మనరీ ఎంబోలిజం" అవుతుంది. ఇది చాలావరకు నివారించగల మరణం. అందుకే డాక్టరు కాని మనవంటివారు కూడా దీని సంగతి తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కాలి రక్తం పైకెలా వస్తుంది?

గుండె పంపిన రక్తం ధమనుల ద్వారా పాదాలకు దిగడం సులభం. తిరిగి పైకి రావడమే కష్టం. నిలబడి ఉన్న మనిషికి చీలమండ దగ్గర సిరలో పీడనం దాదాపు 80 నుండి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. గుండెనుండి పాదం వరకు నిలిచిన రక్తపు బరువు అది. అంత ఎత్తుకు రక్తాన్ని ఎత్తిపోసేది ఎవరు?

పాతకాలం ఏతాం చూసినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. ఏతాం దూలంమీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన మునుగుతుంది, లేస్తుంది, నీళ్ళు కాలువలో పడతాయి. నడక ఆగితే నీళ్ళూ ఆగుతాయి. మన పిక్క కండరాలు చేసే పని కూడా అదే. సోలియస్ అనే లోతు కండరంలో సంచుల్లాంటి వెడల్పాటి సిరలు ఉన్నాయి. అడుగు వేసినప్పుడు కండరం బిగుసుకొని ఆ సంచులను పిండుతుంది. రక్తం పైకి చిమ్ముతుంది. అడుగు తీసినప్పుడు కండరం సడలి, సంచులు మళ్ళీ నిండుతాయి. నడుస్తున్న మనిషికి చీలమండ దగ్గరి పీడనం 30 మిల్లీమీటర్ల లోపుకు దిగిపోతుంది. అందుకే పిక్కను శరీరానికి రెండో గుండె అంటారు.

మరి పైకి ఎక్కిన రక్తం కిందికి జారిపోదా? మోటారు బావిలో గొట్టం చివర ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, అలాంటి కవాటాలు కాలి సిరలలో వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు పల్చని రేకులు. రక్తం పైకి పోయేటప్పుడు తెరుచుకుంటాయి, కిందికి జారబోతే మూసుకుంటాయి. ఇటలీలో పాడువా విశ్వవిద్యాలయంలో ఫాబ్రీసియస్ అనే ఆచార్యుడు 1603లో ఈ కవాటాలను బొమ్మలతో సహా వర్ణించాడు. అవి ఎందుకున్నాయో సరిగా చెప్పింది మాత్రం అక్కడే చదివిన విలియం హార్వే. 1628లో ప్రచురించిన గ్రంథంలో ఆయన చూపిన ప్రయోగాన్ని మనం హాస్టల్ గదిలో కూర్చుని చేసి చూడవచ్చు. మోచేతికి పైన గుడ్డ కడితే ముంజేతి సిరలు ఉబ్బుతాయి. ఒక సిరమీద కింద ఒక వేలు అదిమిపెట్టి, రెండో వేలితో రక్తాన్ని పైకి తోయండి. మధ్య భాగం ఖాళీ అయి, పైనుండి తిరిగి నిండదు. కింది వేలు తీస్తేనే నిండుతుంది. సిరలలో రక్తం ఒకే దిక్కుకు పోతుందనడానికి ఇంతకన్నా సులభమైన రుజువు లేదు.

గడ్డకట్టడానికి మూడు కారణాలు

జర్మనీ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోవ్ (1821-1902) చనిపోయినవారి ఊపిరితిత్తులలోని గడ్డలను పరీక్షించి, అవి అక్కడ పుట్టినవి కావనీ, కాళ్ళ సిరలలో పుట్టి రక్తంతో కొట్టుకొచ్చినవనీ నిరూపించాడు. ఎంబోలిజం అనే పేరు పెట్టింది ఆయనే. 1856లో అచ్చయిన ఆయన రచనల ఆధారంగా తరువాతివారు మూడు కారణాలను క్రోడీకరించి "విర్కోవ్ త్రయం" అన్నారు. ఒకటి, రక్తప్రవాహం మందగించడం. రెండు, రక్తనాళం లోపలి గోడ దెబ్బతినడం. మూడు, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం.

నిలిచిన నీటికి పాచి పడుతుంది, మెల్లగా పారే కాలువలో ఒండ్రు పేరుకుంటుంది అని మనకు తెలుసు. అయితే రక్తం విషయంలో మందగించడం ఒక్కటే చాలదు. రోజూ రాత్రి ఏడెనిమిది గంటలు కదలకుండా నిద్రపోతున్నాం, గడ్డలు కట్టడం లేదు కదా! మూడింటిలో ఒకటికి మరొకటి తోడైతేనే ప్రమాదం. ఆపరేషన్ ప్రత్యేకత ఏమంటే, అది మూడింటినీ ఒకేసారి తెచ్చిపెడుతుంది.

బల్లమీద జరిగే మార్పులు

మొదటిది, ఏతాం ఆగిపోవడం. పెద్ద ఆపరేషన్లకు మత్తుతోపాటు కండరాలను సడలించే మందులు ఇస్తారు. 1942లో కెనడాలో గ్రిఫిత్ అనే డాక్టరు క్యూరారే మందును మత్తులో వాడి చూపినప్పటినుండి ఈ పద్ధతి వ్యాపించింది. సర్జన్లకు ఇది వరమైంది. కాని కండరం పూర్తిగా సడలిందంటే పిక్క పంపు పనిచేయదు. నిద్రలో మనం తెలియకుండానే కాళ్ళు ముడుచుకుంటాం, చాపుకుంటాం, పక్కకు ఒత్తిగిలుతాం. బల్లమీద ఉన్న మనిషికి ఆ కాస్త కదలిక కూడా ఉండదు. పిక్క బరువంతా బల్లమీద ఆని, సిరలు అక్కడ నొక్కుకుపోతాయి.

రెండోది, సిరలు వెడల్పు కావడం. ఇది చాలామందికి తెలియని విషయం. మన రక్తంలో దాదాపు మూడింట రెండు వంతులు ఎప్పుడూ సిరలలోనే ఉంటుంది. సిరల గోడలలోని నునుపు కండరాన్ని సానుభూత నాడులు కొద్దిగా బిగించి ఉంచుతాయి. మత్తుమందు ఆ నాడుల పట్టును సడలిస్తుంది. వెన్నులో ఇచ్చే మత్తు కూడా నడుము కింద అదే పని చేస్తుంది. ఆపైన సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. గోడ సడలి, లోపల ద్రవం పెరిగితే సిర ఉబ్బుతుంది.

దీని ఫలితాన్ని మనం లెక్క వేసి చూద్దాం. కాలువ వెడల్పయితే అదే నీరు మెల్లగా పారుతుంది. ప్రవాహం అంటే అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణించగా వచ్చేది. సిర వ్యాసం 20 శాతం పెరిగిందనుకుందాం. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 1.2 ను 1.2 తో గుణిస్తే 1.44. అంటే వైశాల్యం 44 శాతం పెరిగింది. వచ్చే రక్తం మారకపోయినా వేగం 1.44 వ వంతుకు, అంటే దాదాపు 69 శాతానికి పడిపోతుంది. పంపు ఆగినందువల్ల వచ్చే రక్తం కూడా సగమైందనుకుంటే వేగం 35 శాతం మాత్రమే మిగులుతుంది. వ్యాసంలో కంటికి ఆనని చిన్న మార్పు వేగాన్ని మూడో వంతుకు దించేసింది!

ఇది కాగితంమీది లెక్క మాత్రమే కాదు. 1990లో బ్రిటన్‌లో కోల్‌రిడ్జ్ స్మిత్, హేస్టీ, స్కర్ అనే ముగ్గురు ఆపరేషన్ జరుగుతుండగా రోగుల పిక్క సిరలను అల్ట్రాసౌండుతో కొలిచారు. మత్తులో ఉండగా సిరలు నిజంగానే వెడల్పు అవుతున్నాయనీ, బిగుతు మేజోళ్ళు తొడిగితే ఆ వెడల్పు తగ్గుతోందనీ తేలింది.

మూడోది, లోపలి పొర చిట్లడం. సిర లోపలి గోడకు ఒకే ఒక వరుస కణాలతో అల్లిన పల్చని పొర ఉంటుంది. రక్తం దానికి అంటుకోకుండా చూసేది ఆ పొరే. సిర మితిమీరి సాగితే, చిన్న సిరలు పెద్ద సిరలో కలిసేచోట ఈ పొర చిట్లుతుంది. కింద ఉన్న కొల్లాజెన్ బయటపడుతుంది. రక్త ఫలకికలు వచ్చి దానికి అతుక్కుంటాయి. 1983లో అమెరికాలో స్టూవర్ట్ బృందం కుక్కలకు తుంటికీలు మార్పిడి చేసి చూసినప్పుడు, ఆపరేషన్ చేసిన చోటికి దూరంగా ఉన్న సిరలలో సైతం ఇటువంటి చిట్లుళ్ళు కనబడ్డాయి. తరువాత 1989లో కామెరోటా అనే సర్జన్, తుంటికీలు మార్పిడి చేయించుకుంటున్న మనుషులలో చేతి సిరను కొలిచాడు. ఆపరేషన్లో సిర ఎక్కువగా ఉబ్బినవారిలోనే తరువాత కాలి గడ్డలు ఎక్కువగా వచ్చాయి. కత్తి తగిలింది తుంటికి, ఉబ్బింది చేతి సిర, గడ్డ కట్టింది కాలిలో! దీనినిబట్టి ఈ మార్పు ఒక్కచోటికి పరిమితం కాదనీ, శరీరంలోని సిరలన్నిటికీ సంబంధించినదనీ అర్థమవుతుంది.

నాలుగోది, రక్తం గుణం మారడం. కోసిన కణజాలం నుండి "టిష్యూ ఫ్యాక్టర్" అనే పదార్థం రక్తంలో కలుస్తుంది. అది థ్రాంబిన్ తయారీని ప్రారంభిస్తుంది. థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. గాయం దగ్గర రక్తం ఆగడానికి ఇది అవసరమే. కాని అదే సమయంలో, గడ్డలను కరిగించే సహజశక్తి ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు తగ్గి ఉంటుంది. కట్టే శక్తి పెరిగి, కరిగే శక్తి తగ్గుతుందన్నమాట.

ఆపరేషన్ రకాన్నిబట్టి మరికొన్ని తోడవుతాయి. తుంటికీలు మార్చేటప్పుడు కాలిని మెలితిప్పవలసి వస్తుంది, తొడ సిర మడత పడుతుంది. కీహోల్ ఆపరేషన్లలో కడుపును కార్బన్ డయాక్సైడుతో 12 నుండి 15 మిల్లీమీటర్ల పీడనం వరకు ఉబ్బిస్తారు. పర మహాసిర నొక్కుకుపోయి కాళ్ళనుండి రక్తం రావడం మందగిస్తుంది. అయితే చిన్న గాయం కాబట్టి రోగి త్వరగా లేచి నడుస్తాడు, అది కొంత మేలు.

కవాటం వెనుక గుంట

గడ్డ సిరలో ఎక్కడపడితే అక్కడ మొదలుకాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో సైమన్ సెవిట్ అనే వ్యాధిశాస్త్రజ్ఞుడు గాయాలతో చనిపోయినవారి సిరలను ఓపికగా కోసి చూసి, కవాటపు రేకు వెనుక ఉన్న చిన్న గుంటలోనే చాలా గడ్డలకు మొదలు ఉందని కనుగొన్నాడు. కాలువలో తూము పక్కన నీరు సుడి తిరిగే మూల ఉంటుంది కదా, చెత్త చేరేది అక్కడే. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఆ గుంట శుభ్రపడుతుంది. కదలిక ఆగితే అక్కడి రక్తం అక్కడే ఉండిపోతుంది. 1981లో హేమర్, మలోన్, సిల్వర్ ఆ గుంటలలో ఆక్సిజన్ పీడనాన్ని సూక్ష్మమైన ఎలక్ట్రోడుతో కొలిచారు. ప్రవాహం నిలిచినప్పుడు అది బాగా పడిపోతుందని తేలింది. ఆక్సిజన్ అందని కణాలు రక్తాన్ని అంటుకోనివ్వని గుణాన్ని కోల్పోతాయి. మన నీటి కవాటమే, మనలను కాపాడవలసినదే, కదలిక లేనప్పుడు గడ్డకు గూడవుతోంది.

అక్కడ పుట్టిన గడ్డ గింజంత ఉంటుంది. చాలావరకు దానంతట అదే కరిగిపోతుంది. కరగనిది పొరలు పొరలుగా పెరిగి మోకాలు దాటి తొడ సిరలోకి పాకుతుంది. అక్కడ దాని తోక రక్తంలో తేలుతూ ఉంటుంది. అది తెగితే ఆపేది లేదు. పర మహాసిర, కుడి కర్ణిక, కుడి జఠరిక, అక్కడినుండి పుపుస ధమని. జువాలజీ పరీక్షకు మనం వరుసగా బట్టీపట్టే ఈ దారిలోనే అది ప్రయాణం చేస్తుంది. దారి పొడవునా నాళాలు వెడల్పు అవుతూ వస్తాయి కాబట్టి ఎక్కడా ఇరుక్కోదు. ఊపిరితిత్తులలో నాళాలు మళ్ళీ సన్నబడతాయి, అక్కడ అడ్డం పడుతుంది.

ఎప్పుడు మొదలవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో ముఖ్యుడు భారత సంతతికి చెందిన సర్జన్ విజయ్ కక్కర్. లండన్‌లోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఆయన బృందం, రేడియోధార్మిక అయోడిన్ జోడించిన ఫైబ్రినోజెన్‌ను రోగులకు ఎక్కించి, రోజూ కాళ్ళమీద కౌంటరు పెట్టి చూసింది. గడ్డ కడుతున్నచోట ఫైబ్రినోజెన్ చేరుతుంది, కౌంటరు చెబుతుంది. 1969లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 132 మంది ఆపరేషన్ రోగులలో 40 మందికి, అంటే 30 శాతానికి, కాలిలో గడ్డలు కట్టాయి. 14 మందిలో మూడు రోజుల్లోపల అవే కరిగిపోయాయి. 9 మందిలో మోకాలు దాటి పైకి పాకాయి. ఆ 9 మందిలోనే నలుగురికి ఊపిరితిత్తులకు చేరాయి. చాలా గడ్డలు బల్లమీదనో, మరునాటి లోపలనో మొదలయ్యాయని ఇటువంటి పరిశీలనలు చూపించాయి. ఇప్పుడు ఆ పరీక్ష వాడుకలో లేదు, దాని స్థానాన్ని అల్ట్రాసౌండు తీసుకుంది. కాని అది నేర్పిన పాఠం నిలిచింది. రోగి పడిపోయేది పదో రోజున కావచ్చు, విత్తనం పడేది మొదటి రోజున. కనుక నివారణ కూడా ఆ రోజే మొదలుకావాలి.

కాలేయం నుండి, కుళ్ళిన గడ్డి నుండి మందులు

నివారణకు వాడే మందుల చరిత్ర మనవంటి విద్యార్థులు చదవదగింది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి, ఆచార్య హోవెల్ కింద రక్తాన్ని గడ్డకట్టించే పదార్థంకోసం వెతుకుతూ, దానికి పూర్తిగా వ్యతిరేకంగా గడ్డకట్టనివ్వని పదార్థాన్ని కాలేయంలో చూశాడు. 1918లో హోవెల్ దానికి హెపారిన్ అని పేరుపెట్టాడు. మందుగా వాడదగినంత శుద్ధి కావడానికి 1930లు రావలసివచ్చింది. 1975లో కక్కర్ నాయకత్వాన పలు దేశాల ఆసుపత్రులు కలిసి 4,121 మందిమీద ఒక పెద్ద పరీక్ష ప్రకటించాయి. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు 5,000 యూనిట్ల హెపారిన్ చర్మం కింద ఇచ్చి, తరువాత ఎనిమిది గంటలకొకసారి వారం రోజులు కొనసాగించారు. మందు ఇవ్వని 2,076 మందిలో 16 మంది ఊపిరితిత్తుల గడ్డలతో మరణించారు. మందు ఇచ్చిన 2,045 మందిలో ఇద్దరు. మొదటి మోతాదు ఆపరేషన్‌కు ముందే పడిందన్న సంగతి గమనించండి.

రెండో మందు కథ రైతుబిడ్డలకు మరింత దగ్గరిది. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ పశువులు చిన్న దెబ్బకే రక్తం ఆగక చచ్చిపోయేవి. తడిసి బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి మేయడమే కారణమని పశువైద్యులు గ్రహించారు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు, మంచు తుఫానులో, చచ్చిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యానునూ, ఆ పాడైన గడ్డినీ బండిలో వేసుకొని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆరేడేళ్ళు శ్రమపడి ఆ గడ్డినుండి డైకుమరాల్‌ను వేరుచేశాడు. దాని బంధువైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954 నుండి మనుషుల మందుగా వాడుకలోకి వచ్చింది. ఒక రైతు తన పశువుల చావును విధివ్రాత అని సరిపెట్టుకోకుండా ప్రయోగశాల తలుపు తట్టడం వలన మానవజాతికి ఒక మందు దక్కింది.

నేడు తక్కువ అణుభారం గల హెపారిన్లు, 2008 తరువాత రివరాక్సబాన్ వంటి మాత్రలు వచ్చాయి. పిక్కలకు తొడుగు చుట్టి గాలితో బిగిస్తూ వదులుతూ ఉండే యంత్రాలు బల్లమీదనే ఏతాం పని చేస్తున్నాయి. మేజోళ్ళ విషయంలో శాస్త్రం తన మాటను తానే సవరించుకుంటోంది. 2020లో బ్రిటన్‌లో దాదాపు 1,900 మందిమీద ప్రకటించిన పరీక్షలో, హెపారిన్ సూది ఇస్తున్నవారికి అదనంగా మేజోళ్ళు వేసినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అలాగే ఈ మందులు రక్తస్రావాన్ని పెంచగలవు. కాబట్టి ఎవరికి ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు లెక్క చూసి చెప్పవలసిందే. వయస్సు, కేన్సరు, స్థూలకాయం, ఇదివరకు గడ్డ కట్టి ఉండడం, ఆపరేషన్ రకం వంటివాటికి మార్కులు వేసి ప్రమాదాన్ని అంచనా కట్టే కాప్రిని పట్టిక వంటివి ఉన్నాయి.

మన ఇళ్ళలో, మన ఆసుపత్రులలో

ఒకప్పుడు ఆపరేషన్ అయినవారిని రెండు మూడు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. 1940లలో అమెరికాలో లైట్‌హౌజర్ వంటి సర్జన్లు త్వరగా నడిపించాలని వాదించారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు పడకవల్ల కలిగే ప్రమాదాల గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. శాస్త్రం మారి డెబ్బయి యెనభై ఏళ్ళు అయింది. మన ఇళ్ళలో ఇంకా మారలేదు. ఆపరేషన్ అయిన మనిషి కదిలితే కుట్లు ఊడిపోతాయని భయం. కదలనివ్వకపోవడమే ప్రేమ అనుకుంటాం.

మా పెదనాన్నగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు నేను తోడున్నాను. అయిదో రోజున ఒక కాలు వాచింది. "వాతపు నీరు దిగింది" అని పెద్దమ్మ ఆముదం వేడిచేసి పిక్క పిసకడానికి కూర్చుంది. డ్యూటీలో ఉన్న నర్సు పరుగున వచ్చి, "అమ్మా, ఆ కాలు పిసకొద్దు, ముట్టుకోకండి" అని చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మకు కోపం వచ్చింది. "ఆయన నొప్పికి తాళలేకపోతుంటే చూస్తూ కూర్చోమంటావా తల్లీ?" అంది. ఆ సాయంత్రం అల్ట్రాసౌండులో తొడ సిరలో గడ్డ కనబడింది. మందులతో ఆయన కోలుకున్నారు, ఇప్పుడు పొలం వెళ్ళి వస్తున్నారు. ఆముదం పెట్టి పిసికి ఉంటే ఆ గడ్డ ఏ దారిన పోయేదో పైన రాశాను. పెద్దమ్మ ప్రేమలో లోపం లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ చెప్పకపోవడం మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2008లో 32 దేశాలలోని 358 ఆసుపత్రులలో 68 వేలకు పైగా రోగులను పరిశీలించి ప్రకటించిన ఎండార్స్ అనే అధ్యయనంలో, గడ్డల ప్రమాదం ఉన్న ఆపరేషన్ రోగులలో తగిన నివారణ అందినవారు 58 శాతం పైచిలుకు. మన దేశపు ఫలితాలు 2012లో విడిగా అచ్చయ్యాయి. ఇక్కడ ప్రమాదం ఉన్న రోగులలో అయిదో వంతు మందికి కూడా అది అందలేదు. ఈ జబ్బు తెల్లవాళ్ళది, మనకు రాదు అనే అపోహ మన దేశంలో చాలాకాలం ఉండడం దీనికి ఒక కారణం.

మనం చేయగలిగినవి

మిత్రులారా! మనలో చాలామంది ఇంట్లో మొదటగా కాలేజి మెట్లెక్కినవాళ్ళం. ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ఆసుపత్రి కాగితాలు చదివేది, డాక్టరుతో మాట్లాడేది మనమే. కాబట్టి ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకుందాం.

ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు అన్నీ చెప్పాలి. ఇదివరకు కాలిలో గడ్డ కట్టిందా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, కేన్సరు ఉందా, ఆడవారయితే గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అనేవి దాచకూడదు. "కాళ్ళలో గడ్డ కట్టకుండా ఏం చేస్తారు సార్?" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

ఆపరేషన్ తర్వాత డాక్టరు అనుమతించిన వెంటనే, నొప్పి ఉన్నా సరే, పట్టుకొని నడిపించాలి. లేవలేని స్థితిలో మంచంమీదే గంటకొకసారి పాదాలను పైకీ కిందికీ ఆడించమనాలి. అది పిక్క పంపుకు అంతో ఇంతో పని. తాగవచ్చునన్న తరువాత నీళ్ళు సరిపడా ఇవ్వాలి. కుర్చీలో గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టడం నడకతో సమానం కాదు.

ఒక కాలు వాచినా, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనబడినా తైలం పెట్టి మర్దనా చేయరాదు. వెంటనే డాక్టరుకు చూపాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం జరిగితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. ఇంటికి వచ్చిన తరువాత కూడా కొన్ని వారాలు ఈ జాగ్రత్త అవసరం. తుంటికీలు మార్చినవారికి నెలరోజుల పైచిలుకు మందు రాస్తారు. కుట్లు మానాయి కదా అని మధ్యలో మానిపించకూడదు.

ఇందులో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు. అడగడం, నడిపించడం, పిసకకుండా ఉండడం. మూడింటికీ డబ్బు అక్కరలేదు, తెలియడమే కావాలి. ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు, ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారు వీధిలో ఎవరైనా ఉంటే పలకరించడానికి వెళ్ళండి. పండ్లు పట్టుకెళ్ళండి, మంచిదే. డాక్టరు నడవమన్నారా అని మాత్రం తప్పక అడగండి. నడవమని ఉంటే, చెయ్యి అందించి ఇంటి ముందు నాలుగు అడుగులు వేయించి రండి.